క్లిమాకో ఎముకల పంపకం

కొండల మీది మా ఊరు తుకెర్రెస్‌లో ఎవరికీ క్యాన్సర్ రాదు. గ్యాస్ట్రైటిస్ వస్తుంది. నలభై దాటిన ప్రతివాడికీ వస్తుంది, రాకపోతే వాడు అసలు ఈ ఊరివాడేనా అని అనుమానిస్తారు. పొద్దున్నే కడుపులో మంటగా ఉందంటే పచ్చి బంగాళాదుంప తురిమి, పిండి, ఆ రసం పరగడుపున తాగమంటారు. తగ్గకపోతే క్యాబేజీ రసం. దానికీ లొంగకపోతే ఆరోగ్య కేంద్రం. అక్కడ తెల్ల బిళ్ళలు చేతిలో పోసి, కాఫీ మానెయ్యి, కోపం మానెయ్యి అంటారు. ఇన్ని చేసినా మనిషి పోతే, "పాపం, గ్యాస్ట్రైటిస్ ముదిరిపోయింది" అనుకుంటూ శవం వెనక నడుస్తారు.

క్లిమాకో పంతోహా ఏళ్ళ తరబడి ఈ మర్యాదలన్నీ పాటించాడు, కోపం మానడం ఒక్కటి తప్ప. బంగాళాదుంపల లారీ నడిపి నడిపి, కళ్ళు మసకబారాక స్టీరింగ్ వదిలిన మనిషి. నోరు మాత్రం ఏమీ మసకబారలేదు. పెళ్ళికి పిలిస్తే పెళ్ళికొడుకుని చూసి జాలిపడేవాడు. విందుకి పిలిస్తే, కాల్చి పెట్టిన కూయ్‌ని, అదే గినీపందిని, తోక దగ్గర్నుంచి మూతి దాకా పరీక్షగా చూసి, "ఇది ఆకలితో చచ్చిందా, ముసలితనంతోనా?" అని అడిగేవాడు. కూయ్‌కి తోక ఉండదని ఎవరైనా అంటే, "అందుకే వెతుకుతున్నా" అనేవాడు. అయినా ప్రతి విందుకీ పిలిచేవారు. ఆయన తిట్టని విందు విందులా ఉండేది కాదు.

ఆ ఏడు ఈస్టరు ముందు ఉపవాసాల రోజుల్లో ఆయనకి నడుం పట్టేసింది. నడుం పట్టేస్తే డాక్టరు దగ్గరికి పరిగెత్తే తెలివితక్కువవాళ్ళు మా ఊళ్ళో లేరు. లౌరియానో హొహోవా ఉన్నాడు కదా. బెణికినా, పట్టేసినా, కీలు తప్పినా అతని దగ్గరికే వెళ్ళాలి. వాళ్ళ నాన్నా అదే పని చేశాడు, తాతా అదే పని చేశాడు. పైగా క్లిమాకో కూతురు మగాలీకి జ్ఞానస్నానం చేయించినప్పుడు ఎత్తుకున్న జ్ఞానతండ్రి అతనే. దాంతో ఇద్దరూ కొంపాద్రేలయ్యారు. కొంపాద్రే అంటే మా దగ్గర అన్నదమ్ముడి కంటే ఒక మెట్టు పైన. అన్నదమ్ముడితో పొలం గట్టు తగాదా వస్తుంది, కొంపాద్రేతో అదీ రాదు.

లౌరియానో బల్లమీద బోర్లా పడుకోబెట్టి, పాము కొవ్వు కాచిన తైలం రాసి, బొటనవేళ్ళతో వెన్ను పొడుగునా నొక్కేవాడు.

"లారీ సీటు నీ పూసల్ని అటు నెట్టేసింది, కొంపాద్రే."

"నువ్వు ఇటు నెడుతున్నావు. మధ్యలో నేనెందుకు? నువ్వూ ఆ సీటూ కూచుని మాట్లాడుకోండి."

"కదలకు."

"కదిలే ఓపికుంటే నీ దగ్గరికెందుకొస్తాను?"

రుద్దినప్పుడు హాయిగా ఉండేది, ఇంటికి చేరేలోపు మళ్ళీ మొదలయ్యేది. నెలలు గడిచాయి. మనిషి చిక్కిపోయాడు. ఉపవాసాల పుణ్యం అన్నారు. తెల్లబడిపోయాడు. ఎండలో లారీ తోలడం మానేశాడుగా, రంగు తేలాడన్నారు. ఆగస్టులో ఒక మధ్యాహ్నం లౌరియానో వీపు కుడివైపు నొక్కుతుంటే అతని బొటనవేలి కింద టక్‌మని చప్పుడైంది. ఇద్దరికీ వినబడింది. క్లిమాకో అరవలేదు, ఊపిరి తీసుకోలేకపోయాడు. లౌరియానో రెండు చేతులూ గాల్లోకి ఎత్తేసి అలాగే నిలబడిపోయాడు.

పాస్తో పట్నంలో పెద్దాసుపత్రిలో గొట్టం వేసి కడుపులోకి చూశారు, ముక్క తీసి పరీక్షకి పంపారు, తర్వాత ఒళ్ళంతా స్కాన్ తీశారు. డాక్టరు చిన్నపిల్ల, కళ్ళజోడు పదే పదే ముక్కు మీదకి తోసుకుంటోంది. క్లిమాకో అస్థిపంజరాన్ని తెరమీద చూపించింది. వెన్నులో, తుంటిలో, పక్కటెముకల్లో నల్లటి మచ్చలు. భార్య ఫ్లోరాల్బా శిలువ గుర్తు వేసుకుంది.

"కడుపులో క్యాన్సర్, దోన్ క్లిమాకో. ఎముకలకి పాకింది," అంది డాక్టరు. "మామూలుగా ముందు కాలేయానికి పోతుంది. మీకు ఎముకల దారి పట్టింది."

"టోల్‌గేటు తప్పించుకోడానికి అడ్డదారి పట్టుంటుంది. లారీవాడి రోగం కదమ్మా."

ఆ పిల్ల నవ్వాలో వద్దో తెలీక కళ్ళజోడు తోసుకుంది. నయం కాదని చెప్పింది. నొప్పి తగ్గడానికి తుంటికి కరెంటు పెడతామంది, ఎముకలకి సూది మందు ఇస్తామంది, మార్ఫిన్ సీసా రాసిచ్చింది. ఇక మీదట వీపు ఎవరూ నొక్కకూడదంది.

క్లిమాకో ఒక్కటే అడిగాడు. "మా కొంపాద్రే నెలల తరబడి రుద్దాడు. రుద్దడం వల్ల పాకిందా?"

"లేదు. అప్పటికే అక్కడ ఉంది కాబట్టే మీకు నొప్పి. ఉన్న చోట రుద్దారు, అంతే."

"మరి ఎముక విరిగింది కదా?"

"అది లోపల రోగం తినేసిన ఎముక. గట్టిగా దగ్గినా విరిగేది. నిజానికి అది విరగబట్టే మీరు ఇక్కడికొచ్చారు."

ఈ మాట పట్టుకుని క్లిమాకో ఇంటికొచ్చాడు. చచ్చిపోతానన్న మాట కంటే ఈ మాటే ముందు లౌరియానోకి చెప్పాలనుకున్నాడు. చెప్పడానికి లౌరియానో ఉంటేగా.

వీధి అప్పటికే తీర్పు ఇచ్చేసింది. తీర్పు చెప్పింది మూలమీద కొట్టు నడిపే సోయిలా అమ్మగారు, దోన్యా సోయిలా. ఉప్పు, కొవ్వొత్తులు, వైద్యశాస్త్రం, మూడూ ఆమె దగ్గర దొరుకుతాయి. "కడుపులో పడుకున్న రోగం అది. దాని మానాన అది పడుకుంది. దాన్ని పట్టుకుని ఈ లౌరియానో రుద్దీ రుద్దీ, రొట్టెమీద వెన్న రాసినట్టు ఒళ్ళంతా రాసి పెట్టాడు" అని, సామాన్లకొచ్చిన ప్రతివాళ్ళకీ పొట్లంతో పాటు కట్టిచ్చింది. వారం తిరక్కుండా లౌరియానో బల్ల ఖాళీ అయింది. బెణికిన కాళ్ళవాళ్ళు కుంటుకుంటూ అతని గుమ్మం దాటి బస్సెక్కి పక్క ఊరు పోయారు. అతను తలుపు మీది బోర్డు పీకేసి లోపల గడియ పెట్టుకున్నాడు.

దోన్యా సోయిలా చూడ్డానికొచ్చినప్పుడు క్లిమాకో ఆమెకి నిదానంగా, డాక్టరు చెప్పింది చెప్పినట్టు చెప్పాడు. ఆమె కళ్ళనిండా నీళ్ళు పెట్టుకుని విన్నది.

"ఎంత పెద్ద మనసు మీది, దోన్ క్లిమాకో! మిమ్మల్ని ఇలా చేసినవాణ్ణి కూడా వెనకేసుకొస్తున్నారు."

"పెద్ద మనసు కాదు, తల్లీ. స్కాన్."

"దేవుడు అన్నీ చూస్తున్నాడు," అని ఆమె ఆయన చెయ్యి ముద్దుపెట్టుకుని వెళ్ళిపోయింది.

అదీ వచ్చిన చిక్కు. జబ్బు పడ్డ మరుక్షణం వీధి ఆయనకి ప్రమోషన్ ఇచ్చి ఋషిని చేసేసింది. తిడితే, నొప్పి పాపం అన్నారు. నిజం చెబితే క్షమాగుణం అన్నారు. నోరు మూసుకుంటే ప్రార్థన చేసుకుంటున్నాడన్నారు. వచ్చినవాళ్ళు చికెన్ సూప్ తెచ్చి, మంచం పక్కన కూచుని, "బావున్నారే!" అని ఒకళ్ళని మించి ఒకళ్ళు అబద్ధమాడారు. జీవితమంతా ఆయన నోటికి భయపడ్డవాళ్ళు ఇప్పుడా నోట్లోంచి వచ్చిన ఒక్క మాటనీ లెక్కచెయ్యలేదు. ఆయనకి చావుమీద పెద్ద ఫిర్యాదు లేదు. లౌరియానో మీద ఆ మచ్చ ఉండగా పోవడం మాత్రం ఇష్టం లేదు. అతను రాకుండా పోవడం అసలే ఇష్టం లేదు.

మగాలీని పంపితే లౌరియానో తలుపు సందులోంచి, "మీ నాన్నకి నేను ఇపియాలెస్ వెళ్ళానని చెప్పమ్మా" అని పంపేశాడట.

నవంబరులో ఒక ఓపికున్న రోజు, క్లిమాకో చక్రాల కుర్చీలో దుప్పటి చుట్టించుకుని, మగాలీ చేత నెట్టించుకుంటూ తనే వెళ్ళాడు. రాళ్ళ రోడ్డు. ఒక్కో రాయికీ ఒక్కో ఎముక జవాబు చెప్పింది.

"లౌరియానో! ఇపియాలెస్‌లో వానలు ఎలా ఉన్నాయి?"

లోపల కుర్చీ జరిగిన చప్పుడైంది. తలుపు వెనకనుంచి గొంతు వినబడింది. "నేను ఇంట్లో లేను, కొంపాద్రే."

"ఉన్నవాళ్ళెవరైనా ఉంటే వినమను. నా ఎముక విరిచినందుకు దండాలు. నువ్వు విరవకపోతే నేనింకా గ్యాస్ట్రైటిస్‌తోనే చచ్చేవాణ్ణి."

"వేళాకోళమాడకు. నా వేలికి తెలిసింది. ఇప్పుడు చెంచా పట్టుకున్నా ఆ చప్పుడే వినబడుతోంది."

"దగ్గినా విరిగేదని డాక్టరమ్మ చెప్పింది."

"నన్ను ఓదార్చడానికి అంటున్నావు."

"నేనా? ఓదార్చడమా? మీ ఆవిడ పోయినప్పుడు కూడా నిన్ను ఓదార్చానా నేను? తాగించి పడేశాను."

"జబ్బు చేశాక నువ్వు మంచివాడివైపోయావంటున్నారు అందరూ. అందుకే నమ్మలేకపోతున్నా."

క్లిమాకోకి ఏడుపొచ్చింది. ఒళ్ళు మండింది కూడా, కానీ ముందొచ్చింది ఏడుపే. తిరుగు దారిలో మగాలీ రాళ్ళు తప్పించుకుంటూ కుర్చీ నెట్టింది. ఆమె చెంపలు కూడా తడిగా ఉన్నాయి.

డిసెంబరొచ్చింది. ఏడాది ఆఖరి రోజున మా దగ్గర ప్రతి వీధీ పాత ఏడాదికి ఒక బొమ్మ చేస్తుంది. పాత బట్టల్లో రంపపు పొట్టు కూరి, కాగితం గుజ్జుతో తల చేసి, ఆ ఏడు అందరి నోళ్ళలో నానిన మనిషి పోలిక పెడతారు. మగవాళ్ళు నల్లగౌన్లు తొడుక్కుని, గుడ్డలు కుక్కి రొమ్ములు పెట్టుకుని, పాత ఏడాదికి పెళ్ళాలమంటూ రోడ్డుకడ్డంగా తాడు కట్టి, వచ్చేపోయేవాళ్ళని పట్టుకుని శోకాలు పెడతారు. బొమ్మని తగలెట్టే ముందు వీలునామా చదువుతారు. పోతున్న ఏడాది వీధిలో ఎవరెవరికి ఏమేం వదిలిపోతోందో పద్యాల్లో చెప్పి, ఒక్కొక్కళ్ళ పరువూ వరసగా తీస్తారు. మా వీధిలో ఆ పని క్లిమాకోది. శోకాలు పెట్టడంలో లౌరియానోని మించిన విధవరాలు తుకెర్రెస్ మొత్తంలో లేదు.

ఆ ఏడు దోన్యా సోయిలా వీధి కమిటీ తరఫున వచ్చి, దోన్ క్లిమాకో మీది గౌరవంతో వీలునామా మానేస్తున్నామని చెప్పింది.

"నా మీద గౌరవముంటే బొమ్మ నాదే చెయ్యండి," అన్నాడు క్లిమాకో.

వంటింట్లోంచి ఫ్లోరాల్బా గరిటెతో సహా పరిగెత్తుకొచ్చింది. "ఏమయ్యా, నీకు మతి పోయిందా? బతికున్న మనిషిని తగలెడతారా?"

"ఎప్పుడూ బతికున్నవాళ్ళనేగా తగలెట్టాం. వంతెన కట్టని ఇంజనీర్ని తగలెట్టాం. వాడేమైనా చచ్చాడా? లావెక్కాడు."

"లోకం ఏమనుకుంటుంది?"

"ఈ వీధిలో ఈ ఏడు నాకంటే ఎక్కువగా అందరి నోళ్ళలో నానినవాడెవడో చెప్పు, వాణ్ణే చేద్దాం."

ఆయన మనసులో ఏముందో ఎవరికీ చెప్పలేదు. మంచం మీంచి చెప్పిన మాట పుణ్యాత్ముడి మాటైపోతుంది. వీలునామాలో చెప్పిన మాట అలా కాదు. అక్కడ దేవుడొచ్చి చెప్పినా దాన్ని తిట్టుగానే వింటారు. తిట్టయితే ఈ వీధి నమ్ముతుంది. చావబోయేవాడి కోరిక కాదనకూడదు కాబట్టి కమిటీ తల ఊపింది. జబ్బు వల్ల ఆయనకి కలిగిన లాభం అదొక్కటే.

ముప్ఫై ఒకటిన మధ్యాహ్నం ఎండ బావుంది. వాకిట్లో హెర్విదో మరుగుతోంది, పళ్ళరసంలో నాటుసారా ఘుమఘుమలాడుతోంది. క్లిమాకో ఉదయం నుంచి మార్ఫిన్ సగమే తీసుకున్నాడు, మాట ముద్దగా వస్తుందని. మిగతా సగానికి బదులు పళ్ళు బిగబట్టుకున్నాడు. కుర్చీలో బయటికి తెచ్చేసరికి బొమ్మ ఎదురుగా ఉంది. దోన్యా సోయిలా దానికి కోటు తొడిగింది, టై కట్టింది, పెదాలమీద చిరునవ్వు దిద్దింది.

"ఎవరమ్మా ఈ బిషప్పు? నేను ఈ జన్మలో ఇలా నవ్వానా?" అన్నాడు. "ఆ టై పీకి, నా లారీ టోపీ పెట్టండి. కనీసం కాలేటప్పుడైనా నన్ను గుర్తుపట్టాలి."

ఎవరో ఒకరిద్దరు నవ్వి, వెంటనే తప్పుచేసినట్టు ఆగిపోయారు.

కాగితం లేదు. ఆయనకెప్పుడూ కాగితం అక్కర్లేదు. మొదట తన అల్లుడు కాబోయి తప్పించుకున్న మెకానిక్‌కి లారీ పాత టైర్లు వదిలాడు. చర్చి ఫాదర్‌కి తన పాపాలు వదిలాడు, ఆయన దగ్గర కొత్తవి అయిపోయాయని. జనం నెమ్మదిగా కదిలారు. నవ్వొచ్చు కాబోలు అని ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. అప్పుడు గొంతు పెంచాడు.

"కొట్లో కూచునే నా రోగం దారంతా చూసొచ్చిన
దోన్యా సోయిలాకి నా పొట్ట రాసిచ్చా, కోసి చూసుకోమన్నా!"

వీధి గొల్లుమంది. ఎన్నో నెలలుగా ఆపుకున్న నవ్వు. దోన్యా సోయిలా మొహం ఎర్రగా కందిపోయింది, కానీ ఆమె కూడా నవ్వింది, నవ్వక చస్తుందా. వీలునామాలో అలిగినవాళ్ళని మరుసటేడు రెట్టింపు ఏకుతారు. క్లిమాకో ఆ సందడి తగ్గనివ్వలేదు.

"ఎముకలున్నాయి ఇంకా, పుచ్చినవి కొన్ని, పగిలినవి కొన్ని,
ఎవరికీ ఇవ్వను, మా కొంపాద్రేకే, లెక్కపెట్టకుండా అన్నీ.
పురుగు తిన్న దూలం కూలితే తాకినవాడిదా తప్పు?
వాగే నోటికి గొళ్ళెం లేదు, కనీసం వెయ్యండి తలుపు!"

ఈసారి నవ్వు సగంలో ఆగింది. కొందరు కొట్టు వైపు చూశారు, కొందరు నేలకేసి చూశారు. ఎవరూ "ఎంత పెద్ద మనసు" అనలేదు. తిట్టు తగిలినవాళ్ళకి అంత తీరిక ఉండదు.

అప్పుడు చూశాడు. తాడు పట్టుకున్న విధవరాళ్ళ వెనకాల ఇంకో విధవరాలు గోడకానుకుని ఉంది. ముసుగు గడ్డం దాకా లాగుకుంది. మిగతావాళ్ళంతా గుండెలు బాదుకుంటుంటే ఆమె ఒక్కతే నోరు మెదపకుండా, రెండు చేతులూ చంకల్లో దాచుకుని నిలబడింది.

"ఆ వెనక నిలబడ్డ పెళ్ళామెవరు?" అని అరిచాడు క్లిమాకో. "మొగుడు పోతుంటే ఒక్క శోకం లేదే! ఇటు రా."

ఆమె కదల్లేదు.

"రా అంటుంటే. పొద్దున్నుంచీ వీపు పీకుతోంది. వచ్చి చూడు."

దోన్యా సోయిలా ఉండబట్టలేకపోయింది. "అయ్యో, అతనా! వద్దు, దోన్ క్లిమాకో!"

"మీకు పొట్ట ఇచ్చాను, అది చూసుకోండి. వీపు మీ వాటా కాదు."

నల్లగౌను జనంలోంచి దారి చేసుకుంటూ వచ్చింది. దగ్గరికొచ్చాక ముసుగెత్తాడు లౌరియానో. ఎన్నాళ్ళుగానో గడ్డం గీసుకోలేదు. పెదాలకి మటుకు ఎర్రరంగు పూసుకున్నాడు, అదీ వంకరగా.

"నా వల్ల కాదు, కొంపాద్రే," అన్నాడు. "నొక్కడం తప్ప నా చేతులకి వేరే విద్య రాదు."

"నేర్చుకో. నాకు మాత్రం చావడం వచ్చా? రోజూ కాస్త కాస్త నేర్చుకోవడం లేదూ?" అన్నాడు క్లిమాకో. "చెయ్యి పెట్టు. నొక్కకు. ఊరికే ఉంచు."

ఫ్లోరాల్బా మొగుడి వీపు మీది దుప్పటి తనే తొలగించింది. లౌరియానో కుర్చీ వెనక్కి వచ్చాడు. అరచెయ్యి గౌనుకి రెండుసార్లు తుడుచుకుని, అదాటున వేడి గిన్నె ముట్టుకునేవాడిలా వేళ్ళు తాకించి, వెనక్కి తీసి, మళ్ళీ తాకించాడు. విరిగిన ఎముక మీదే పెట్టాడు. వెతుక్కోనక్కర్లేకపోయింది. వీధి వీధంతా ఊపిరి బిగబట్టి చూసింది. ఏమీ విరగలేదు. తైలం వాసన మాత్రం అందరికీ తగిలింది.

క్లిమాకో వెన్నులోంచి తుంటి దాకా నొప్పి భగ్గుమని లేచింది. మిగిలిన సగం మందు తీసుకునే వేళ ఎప్పుడో దాటిపోయింది. చేతి వెచ్చదనం బావుంది, నొప్పి దారి నొప్పిదే. ఆయన తలెత్తి, దోన్యా సోయిలా కొట్టు అరుగు మీదున్నవాళ్ళకి కూడా వినబడేలా గట్టిగా అన్నాడు.

"హమ్మయ్య! తగ్గింది."

జనం ఒక్కసారి ఊపిరి వదిలారు. ఎవరో చప్పట్లు కొట్టారు. కాలు బెణికిన మెకానిక్ వెనకనుంచి, "లౌరియానో, ఎల్లుండి ఇంట్లో ఉంటావా?" అని కేకేశాడు. విధవరాళ్ళు మళ్ళీ శోకాలందుకున్నారు, హెర్విదో గ్లాసులు చేతులు మారాయి.

ఆ గోలలో లౌరియానో వంగి, ముసుగు కొంపాద్రే భుజం మీద పడుతుండగా, చెవిలో అన్నాడు.

"అబద్ధం. ఈ వీపు నాకు తెలీదా? రాయిలా బిగుసుకుని ఉంది."

"తెలుసుగా," అన్నాడు క్లిమాకో. "అయితే చెయ్యి తియ్యకు."

లౌరియానో తియ్యలేదు.